ఓటు పేదరికాన్ని ఎప్పుడు తగ్గిస్తుంది, ఎప్పుడు తగ్గించదు

వర్ధమాన దేశాల్లో పేదరికం తగ్గడానికి ప్రజాస్వామ్య పాలన నిజంగా పనికొస్తుందా, లేక అది ఉపన్యాసాల్లో చెప్పుకునే మాటేనా అని అడిగారు. ఓట్లూ ప్రతిపక్షాలూ లేకుండానే చైనా కోట్ల మందిని పేదరికం నుంచి బయటికి తెచ్చింది కదా అని కూడా అన్నారు. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేసేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ప్రభుత్వ ఖర్చులు, పథకాల అమలు, ఆడిట్లు చూసే పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఆ అనుభవంతో నాకు అర్థమైనంత వరకు కాస్త వివరంగా రాస్తాను.

ముందు చైనా సంగతి. దాన్ని పక్కన పెట్టి ఏం మాట్లాడినా తప్పించుకుంటున్నట్టే ఉంటుంది. 1978 తర్వాత నాలుగు దశాబ్దాల్లో అక్కడ సుమారు 80 కోట్ల మంది తీవ్ర పేదరికం నుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు లెక్క. చరిత్రలో ఇంత వేగంగా ఇంత మంది బయటపడటం ఇంకెక్కడా లేదు. వియత్నాం కూడా ఏకపార్టీ పాలనలోనే పేదరికాన్ని బాగా తగ్గించింది. దక్షిణ కొరియా, తైవాన్ మొదట ఎదిగిందీ నిరంకుశ ప్రభుత్వాల కిందే, ప్రజాస్వామ్యం అక్కడికి 1980ల చివర్లో వచ్చింది. ఇవన్నీ నిజాలు, కాదనడానికి లేదు.

అయితే అదే చైనాలో, అదే పార్టీ ఏలుబడిలో 1959 నుంచి 1961 దాకా వచ్చిన క్షామంలో ఎంత మంది పోయారో చూడండి. పరిశోధకుల అంచనాలు కోటిన్నర దగ్గర మొదలై నాలుగున్నర కోట్ల దాకా వెళ్తాయి. కమ్యూన్లనే ఉమ్మడి వ్యవసాయ సంఘాల అధికారులు పైవాళ్ల మెప్పు కోసం దిగుబడులు పెంచి రాశారు. కాగితం మీది ఆ ధాన్యాన్ని బట్టి ప్రభుత్వం తన వాటా వసూలు చేసుకుపోయింది. 1959లో ధాన్యం ఎగుమతులు కూడా ఆగలేదు. ఊళ్లో జనం ఆకులు, బెరళ్లు తింటుంటే పైకి వెళ్లే ఫైళ్లలో గాదెలు నిండుగా ఉన్నాయి. రక్షణ మంత్రి పెంగ్ దెహ్వాయ్ ఆ ఏడాది లుషాన్‌లో జరిగిన పార్టీ సమావేశాల్లో ఇది తప్పని ధైర్యం చేసి చెబితే ఆయన పదవే పోయింది. మంత్రి గతే అలా అయితే కింది గుమాస్తా నోరు మెదుపుతాడా?

ఓటు లేని పాలనతో ఇబ్బంది ఇదే. పైన మంచివాడు, తెలివైనవాడు ఉంటే పని చకచకా అవుతుంది. తప్పుదారి పట్టినవాడు ఉంటే బ్రేకు ఉండదు. చైనాను చూపించేవాళ్లు జైరేను, అంటే ఇప్పటి కాంగోను, చూపించరు. అక్కడ మొబుటు 1965 నుంచి 1997 దాకా 32 ఏళ్లు ఏలాడు. రాగి, కోబాల్టు, వజ్రాలు ఉన్న దేశం ఆయన దిగేనాటికి దివాలా తీసింది. ఏకవ్యక్తి పాలన లాటరీ లాంటిది. చైనా, తైవాన్ టికెట్లు తగిలినవాళ్ల కథలే మనం వింటూ ఉంటాం.

సగటు తీస్తే ఏం తేలుతుంది? ఆర్థికవేత్త అసిమోగ్లు, ఆయన సహచరులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రజాస్వామ్యంలోకి మారిన దేశాల తలసరి ఆదాయం, మారకపోతే ఉండేదానికంటే 25 ఏళ్లలో సుమారు 20 శాతం ఎక్కువ. పెద్ద సంఖ్యే, కానీ మాయాజాలం కాదు. పైగా పాతికేళ్లంటే ఒక తరం. నియంతల దేశాల గణాంకాల గురించి ఇంకో సంగతి కూడా ఉంది. రాత్రిపూట ఉపగ్రహాలు తీసే ఫొటోల్లో ఎంత వెలుగు పెరిగిందో చూసి దాన్ని ప్రభుత్వాలు ప్రకటించిన వృద్ధి రేటుతో పోల్చాడు లూయిస్ మార్టినెజ్ అనే పరిశోధకుడు. నియంతృత్వ దేశాలు వార్షిక వృద్ధిని దాదాపు 35 శాతం పెంచి చెబుతున్నాయని 2022లో తేల్చాడు. అంటే 1959లో కమ్యూన్ అధికారి చేసిన పనే ఇప్పుడు గణాంక శాఖలు చేస్తున్నాయన్నమాట. నేను ఆడిట్ మనిషిని కాబట్టి ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, ఆశ్చర్యం మాత్రం వేయలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నా అనుభవంలో ప్రజాస్వామ్యం జనం కళ్లకు కనిపించే కష్టాన్ని బాగా పట్టించుకుంటుంది. కనిపించని కష్టాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తుంది. ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు అన్న చిక్కులో సగం ఈ తాళంచెవితో విడిపోతుంది.

క్షామాలతో మొదలుపెడదాం. పత్రికలకు స్వేచ్ఛ ఉండి, ఎన్నికలు సక్రమంగా జరిగే దేశంలో పెద్ద క్షామం రాలేదని ఆర్థికవేత్త అమర్త్య సేన్ చాలా ఏళ్ల కిందటే అన్నారు. ఆయనది పుస్తకాల్లోంచి మాత్రమే వచ్చిన జ్ఞానం కాదు. 1943లో బెంగాల్ క్షామాన్ని చిన్నపిల్లవాడిగా కళ్లారా చూశారు. 20 నుంచి 30 లక్షల మంది పోయిన ఆ విపత్తును వలస ప్రభుత్వం క్షామమని అధికారికంగా ప్రకటించనే లేదు. ఆ ఏడాది ఆగస్టులో కలకత్తా నుంచి వచ్చే ద స్టేట్స్‌మన్ పత్రిక వీధుల్లో ఆకలితో పడి ఉన్న మనుషుల ఫొటోలు అచ్చువేసింది. అప్పుడు గానీ ఢిల్లీలో, లండన్‌లో కదలిక రాలేదు. ఆలోచించి చూడండి, అక్కడి జిల్లా అధికారులకు ఫొటోలు రాకముందే అంతా తెలుసు. తెలియడం ఒకటి, తెలిసిందని పదిమందికీ తెలియడం ఇంకొకటి. రెండోది జరిగితేనే కుర్చీలు కదులుతాయి.

స్వతంత్ర భారత్‌లో 1972-73లో మహారాష్ట్రను భయంకరమైన కరవు చుట్టుకుంది. పంటలు ఎండిపోయాయి, పశువులు పోయాయి. కానీ 43 నాటి పరిస్థితి రాలేదు. ఒక దశలో దాదాపు 50 లక్షల మంది కరవు పనుల్లో ఉన్నారు. పనులు పెట్టమని ఊరూరా ఆందోళనలు జరిగాయి, అసెంబ్లీలో నిలదీతలు జరిగాయి. ఆ అనుభవమే తర్వాత 1977లో ఆ రాష్ట్ర ఉపాధి హామీ చట్టమైంది. బోట్స్‌వానాలో 1982 నుంచి 87 దాకా వరసగా కరవే. నడిమధ్యలో 1984లో ఎన్నికలు. ప్రభుత్వం కరవు పనులు పెట్టింది, పిల్లలకు ఆహారం పంచింది, క్షామం రాలేదు. పాలకులకు హఠాత్తుగా జాలి పుట్టుకొచ్చిందని అనుకోనక్కర్లేదు. ఎన్నికలు దగ్గర పడుతున్నప్పుడు కరవు ప్రాంతానికి వెళ్లని మంత్రి ఎక్కడైనా ఉంటాడా?

బోట్స్‌వానా గురించి ఇంకో రెండు మాటలు. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశంలో తారు రోడ్డు మొత్తం 12 కిలోమీటర్లు, డిగ్రీ చదివినవాళ్లు 22 మంది. ఆ మరుసటి ఏడే వజ్రాల నిక్షేపం బయటపడింది. వజ్రాలు దొరికిన ఎన్నో దేశాలు అంతర్యుద్ధాల్లో కాలిపోయాయి. ఇక్కడ ఆ డబ్బు బడ్జెట్లోకి వచ్చి రోడ్లుగా, బడులుగా, ఆస్పత్రులుగా మారింది. వాళ్లకు క్గోట్లా అని పాతకాలం నుంచి ఒక ఊరి సభ ఉంది. అందులో పెద్దమనిషిని ఎవరైనా నిలబడి తప్పుపట్టొచ్చు. మరీ పొగడను. అసమానతలు అక్కడ ఇప్పటికీ చాలా ఎక్కువ. ఒకే పార్టీ 58 ఏళ్లు ఏలి 2024 ఎన్నికల్లో ఓడింది. ఓడాక దిగిపోయింది, అదీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు రెండో వైపు. క్షామం రాకుండా ఆపగలిగిన భారత ప్రజాస్వామ్యమే పిల్లల పౌష్టికాహార లోపాన్ని ఏడు దశాబ్దాలుగా సాగదీస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 2005-06లో ఇది 48 శాతం. తగ్గింది, కాదనను. కానీ ఎన్నిసార్లు ఎన్నికలు జరిగాయో లెక్కేసుకుంటే ఇది నత్తనడక. చైనా ఆ మూడేళ్ల క్షామంలో పోగొట్టుకున్నంత మందిని భారత్ మామూలు రోజుల్లోనే, చడీచప్పుడూ లేకుండా, ఎనిమిదేళ్లకోసారి పోగొట్టుకుంటోందని సేన్, మరో ఆర్థికవేత్త జాన్ డ్రెజ్ 1980ల చివర్లో లెక్కగట్టారు. ప్రజాస్వామ్యం లేదని చైనాను విమర్శించిన ఆ మనుషులే తమ తూకాన్ని ఇటూ తిప్పారు. అది నాకు నచ్చింది.

ఎందుకిలా? ఆకలి చావు వార్త అవుతుంది. నాలుగు సెంటీమీటర్లు పొట్టిగా పెరిగిన పిల్లవాడు వార్త కాడు. ఆ తల్లికే తెలియదు, ఎందుకంటే పక్కింటి పిల్లలూ అంతే ఉంటారు. బోరు వేస్తే ఓట్లు రాలతాయి. నీళ్లలో మలినం తగ్గిస్తే ఎవరికీ కనిపించదు. బడి కట్టిస్తే రిబ్బన్ కత్తిరించొచ్చు, పిల్లలకు చదవడం వచ్చిందో లేదో రిబ్బన్‌కు అందదు. ప్రజలు అడగనిదాన్ని నాయకుడు ఇవ్వడు. కనిపించనిదాన్ని ప్రజలు అడగలేరు. ఈ ముడి విప్పకుండా ఎన్ని ఎన్నికలు పెట్టినా ఒకటే.

ఓటు విషయంలోనూ ఒక పెద్ద మెలిక ఉంది. హక్కు కాగితం మీద ఉండటం వేరు, పేదవాడి ఓటు నిజంగా లెక్కలోకి రావడం వేరు. దీనికి బ్రెజిల్‌ కథ చెప్పాలి. అక్కడ నిరక్షరాస్యులకు ఓటు హక్కు వచ్చిందే 1985లో. వచ్చాక కూడా బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థి పేరో నంబరో ఓటరే రాయాలి. చదువు రానివాడు ఏం రాస్తాడు? పిచ్చి గీతలు గీస్తే ఓటు చెల్లదు. పేదల ఓట్లు కుప్పలుకుప్పలుగా చెత్తబుట్టలో పడేవి. 1990ల మధ్య నుంచి ఎలక్ట్రానిక్ యంత్రాలు తెచ్చారు. ఫోన్ మీద ఉన్నట్టు అంకెల మీటలు. నంబరు నొక్కగానే అభ్యర్థి ఫొటో తెర మీద వస్తుంది. మనవాడే అనుకుంటే ఆకుపచ్చ మీట నొక్కాలి, తప్పు పడితే నారింజ రంగుది. అంతే.

1998 ఎన్నికల్లో 40,500 మంది ఓటర్లు దాటిన పట్టణాలకే యంత్రాలు ఇచ్చారు, మిగతావాళ్లకు పాత కాగితమే. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న పట్టణాలను పోల్చి చూడటానికి పరిశోధకులకు మంచి అవకాశం దొరికింది. థామస్ ఫుజివారా చేసిన అధ్యయనంలో తేలింది ఇది. ప్రతి పదిమంది ఓటర్లలో ఒకరికి పైగా, ముఖ్యంగా చదువు తక్కువైనవాళ్ల ఓట్లు కొత్తగా చెల్లుబాటయ్యాయి. ఆ తర్వాత రాష్ట్రాల ఖర్చు ప్రజారోగ్యం వైపు మళ్లింది. గర్భిణులు డాక్టరు దగ్గరికి వెళ్లడం పెరిగింది, చదువు లేని తల్లులకు తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు తగ్గారు. కొత్త హక్కు ఏదీ ఇవ్వలేదు, కొత్త పార్టీ ఏదీ పుట్టలేదు. చెల్లని ఓటు చెల్లడం మొదలైంది, పుట్టే బిడ్డ బరువు పెరిగింది. ప్రజాస్వామ్యం వల్ల ఒరిగేదేముంది అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఈ కథే.

పేదరికమంటే రోజుకు 3 డాలర్ల లోపు బతకడం అని ప్రపంచ బ్యాంకు గీత గీసింది. గీత మంచిదే, పోల్చుకోవడానికి పనికొస్తుంది. కానీ పేదవాడి చేతిలో ఉండే డబ్బు ఒక్కటే కాదు, ప్రభుత్వం ద్వారా అందాల్సిన రోడ్డు, నీళ్లు, బడి, మందులు కూడా అతని ఆదాయం లాంటివే. వాటి పంపకంలో ఎవరి మాట చెల్లుతుందో చూడండి, ప్రజాస్వామ్యం తేడా అక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కెన్యాలో 1963 నుంచి 2011 దాకా రోడ్ల ఖర్చును జిల్లాల వారీగా లెక్కతీశారు. మొత్తం మీద అధ్యక్షుడి తెగవాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లాలకు రోడ్ల డబ్బు రెట్టింపు వెళ్లింది, అక్కడ పడిన తారు రోడ్డు పొడవు ఐదు రెట్లు. బహుళ పార్టీ ఎన్నికలు ఉన్న కాలంలో మాత్రం ఈ పక్షపాతం దాదాపు మాయమైంది. నాయకులు మారిపోయి సాధువులైపోలేదు. ప్రతిపక్షం, పత్రికలు, కోర్టులు కాస్త ఊపిరి పీల్చుకున్నాయి, అంతే. ఒక మారుమూల జిల్లాకు రోడ్డు పడితే పంట బజారుకు చేరుతుంది, గర్భిణి ఆస్పత్రికి చేరుతుంది.

బొలీవియా 1994లో ఒక చట్టం చేసి జాతీయ పన్నుల్లో 20 శాతాన్ని జనాభాను బట్టి మునిసిపాలిటీలకు పంచింది. అంతకుముందు డబ్బంతా మూడు పెద్ద నగరాల చుట్టూ తిరిగేది. చట్టం తర్వాత చిన్న, పేద మునిసిపాలిటీలు ఆ డబ్బును చదువు, మంచినీళ్లు, పారిశుద్ధ్యం మీద పెట్టాయి. భారత్‌లో 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడో వంతు మహిళలకు కేటాయించారు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌ పంచాయతీలను పరిశీలించిన ఆర్థికవేత్తలు ఎస్తేర్ దుఫ్లో, రాఘవేంద్ర ఛటోపాధ్యాయ 2004లో ఏం చూపించారంటే, మహిళ కుర్చీలో ఉన్నచోట మంచినీటి పనులు ఎక్కువ జరిగాయి. నీళ్లు మోసేది ఎవరో తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. వెనకాల భర్తలే నడిపిస్తారు, ఆవిడ సంతకం పెట్టే బొమ్మ అని ఎగతాళి చేసేవాళ్లు నాకూ చాలామంది తగిలారు. అలాంటివి ఉన్నాయి కూడా. అయినా సగటున తేడా వచ్చింది.

ఇక నాకు బాగా తెలిసిన విభాగం, డబ్బు దారిలో ఎక్కడ ఇంకిపోతుందన్నది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అన్న సామెత ప్రభుత్వ గ్రాంట్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. యుగాండాలో 1991 నుంచి 95 దాకా ప్రాథమిక పాఠశాలలకు పంపిన గ్రాంట్లను సర్వే చేస్తే సగటున 13 శాతమే బడులకు చేరిందని తేలింది. మిగతా 87 శాతం మధ్యలోనే ఆగిపోయింది. చాలా బడులకైతే పైసా రాలేదు. పైగా తమకు ఇలాంటి గ్రాంటు ఒకటుందనే సంగతే చాలామంది హెడ్మాస్టర్లకు, తల్లిదండ్రులకు తెలియదు. తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయించడం మొదలుపెట్టింది. వచ్చిన మొత్తాన్ని బడి గోడ మీద అతికించమంది. 2001 నాటికి 80 శాతానికి పైగా చేరడం మొదలైంది. మొత్తం ఘనత ఆ పత్రికా ప్రకటనకే ఇవ్వకూడదు, అదే సమయంలో ఇతర సంస్కరణలూ జరిగాయి. అయినా గోడ మీద కాగితానికి ఉన్న బలం తక్కువేం కాదు. అప్పటి యుగాండాలో పార్టీలకు స్వేచ్ఛ లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అంటే సమాచారం అనే ఈ ఒక్క ముక్క అరకొర ప్రజాస్వామ్యంలో కూడా పనిచేస్తుంది. 1996 అధ్యక్ష ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం మరుసటి ఏడాది ఉచిత ప్రాథమిక విద్య పెడితే, బడికి వచ్చే పిల్లలు 30 లక్షల పైచిలుకు నుంచి 50 లక్షలు దాటారు. పోటీ ఉన్న ఎన్నిక ఒక్కటి జరిగితేనే ఇలాంటి వాగ్దానం పుట్టుకొచ్చింది.

రాజస్థాన్‌లో 1994 చివర్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు మొదలుపెట్టిన బహిరంగ విచారణలు కూడా ఇదే పని చేశాయి. ప్రభుత్వ పనుల బిల్లులు, మస్టరు రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) సంపాదించి ఊరందరి ముందూ గట్టిగా చదివేవారు. మా డబ్బు, మా లెక్క అన్నది వాళ్ల నినాదం. ఆ ఉద్యమం పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టమైంది.

ఇలాంటి సభల్లో నేనూ కూర్చున్నాను. ఒకసారి మస్టరు చదువుతూ ఒక పేరు దగ్గర 14 రోజుల కూలి ముట్టిందని చదివారు. వెనకనుంచి ఒకావిడ లేచి, ఆ 14 రోజులూ నేను పురిట్లో ఉన్నానండీ అంది. సభంతా ఒక్కసారి గొల్లుమంది, సంతకం పెట్టిన మేస్త్రి తల వంచుకున్నాడు. అక్కడికక్కడే ఇంకో ఆరేడు పేర్లు తేలాయి. అంతా అయ్యాక అదే పనికి సంబంధించిన సిమెంటు బిల్లు చదివారు. ఇన్ని బస్తాలు అని అంకె వినిపించింది. ఒక్కరు నోరు మెదపలేదు. ఒక కల్వర్టుకు ఎన్ని బస్తాలు పడతాయో అక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరికి తెలుస్తుంది? సిమెంటులో పోయిన డబ్బు కూలిలో పోయినదానికి ఎన్నో రెట్లు అని నాకు అనుమానం. కానీ సభ దాన్ని దాటుకుని ముందుకు వెళ్లిపోయింది. ఆ రోజు నేర్చుకున్నంత నేను ఏ శిక్షణ తరగతిలోనూ నేర్చుకోలేదు.

చాలాకాలం తర్వాత ఇండొనేసియా అధ్యయనం చదివితే అదే సంగతి అంకెల్లో కనిపించింది. జావాలో 600కు పైగా గ్రామాల్లో రోడ్లు వేస్తున్నప్పుడు బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త ఒక ప్రయోగం చేశాడు. కొన్ని ఊళ్లలో జనాన్ని సభలకు పెద్ద ఎత్తున పిలిచారు. కొన్ని ఊళ్లకు ప్రభుత్వ ఆడిట్ తప్పకుండా వస్తుందని ముందే చెప్పారు. మామూలుగా అయితే ఆడిట్ వచ్చే అవకాశం 4 శాతమే. తర్వాత ఇంజినీర్లు వెళ్లి వేసిన రోడ్డును తవ్వి, ఎంత రాయి, ఎంత ఇసుక పడిందో కొలిచారు. ఆడిట్ ఖాయమన్న చోట మాయమయ్యే ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. సభలకు జనం బాగానే వచ్చారు, కూలి డబ్బులో మాయం కూడా తగ్గింది. మొత్తం మీద చూస్తే మాత్రం సభల వల్ల పెద్దగా తేడా రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద జరిగిన సామాజిక తనిఖీల్లోనూ ఇదే ధోరణి కనిపించింది. కూలి దొంగతనం బయటపడటం ఎక్కువయ్యేసరికి అక్రమాలు మెటీరియల్ బిల్లుల వైపు జరిగాయి. తేలిన సొమ్ములో వెనక్కి వచ్చింది కూడా కొద్దిగానే.

కాబట్టి ప్రజల భాగస్వామ్యం ఉంటే చాలు అనే వర్క్‌షాపు మాటలు నేను నమ్మను. ఆడిట్ ఉంటే చాలు అనేవాళ్లనూ నమ్మను. ఆడిటర్‌కు జీతమిచ్చేది ఎవరో చూడాలిగా! కూలి లెక్క ఊరికి బాగా తెలుస్తుంది, సిమెంటు లెక్క ఇంజినీరుకు తెలుస్తుంది. ఇంజినీరు తేల్చింది ఊరికి తెలియాలి, అదీ ఓటు వేసేముందు తెలియాలి. బ్రెజిల్ 2003లో దాదాపు ఇలాగే చేసింది. ఏ మునిసిపాలిటీని తనిఖీ చేయాలో లాటరీ తీసేది, నివేదికలు బయటపెట్టేది. 2004 మేయర్ ఎన్నికలకు ముందే నివేదిక వచ్చిన ఊళ్లలో అవినీతి తేలిన మేయర్లు ఎక్కువగా ఓడిపోయారు, అందులోనూ స్థానిక రేడియో ఉన్నచోట మరీను. అవినీతి తేలనివాళ్లకు ఆ రేడియో వల్లే మేలు జరిగింది. ఇది ఎవరూ చెప్పుకోరు గానీ, నిజాయతీగా ఉన్న నాయకుడికి రుజువు దొరకడం కూడా ముఖ్యమే.

ప్రజాస్వామ్యం పేదల పేరుతో పేదలను మోసం చేసే దారులూ చాలానే ఉన్నాయి. ఓటుకు నోటు సంగతి అందరికీ తెలుసు, దాని మీద సమయం వృథా చేయను. అంతకంటే నష్టం చేసేది పథకాన్నే నోటుగా వాడటం. మెక్సికోలో 1989 నుంచి 94 దాకా నడిచిన ప్రోనసోల్ అనే పథకం పేదరిక నిర్మూలన పేరుతో వచ్చింది. డబ్బు మాత్రం అధికార పార్టీకి ఓట్లు ఎక్కడ అవసరమో అక్కడికి వెళ్లింది. 1997లో మొదలైన ప్రోగ్రెసా దానికి విరుగుడుగా తయారైంది. లబ్ధిదారులను సర్వే లెక్కతో ఎంచారు, డబ్బు తల్లుల చేతికి ఇచ్చారు. పిల్లలు బడికి వెళ్లాలి, ఆస్పత్రిలో చూపించుకోవాలి అన్నది షరతు. ఇది ఏ పార్టీదీ కాదు అని పథకం కాగితాల మీద అచ్చు వేయడం తప్పనిసరి చేశారు. పరిశోధకులతో మొదటి నుంచే ఫలితాలు కొలిపించారు. 2000లో ఏడు దశాబ్దాల పాలక పార్టీ ఓడి ఇంకో పార్టీ వచ్చింది. మామూలుగా అయితే పాత ప్రభుత్వ పథకం మూలన పడాలి. ఇది పేరు మార్చుకుని నిలిచింది, పట్టణాలకు కూడా విస్తరించింది. చివరికి 2019లో ఇంకో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. రెండు దశాబ్దాలు బతికిన పథకం అంటే వర్ధమాన దేశాల్లో దీర్ఘాయుష్షే.

ఇంకొకటి, ఓపిక. ట్యునీసియాలో 2011 విప్లవం తర్వాత ఎన్నికలు వచ్చాయి, కొత్త రాజ్యాంగం వచ్చింది, ఉద్యోగాలు మాత్రం రాలేదు. పదేళ్లు చూసి జనం విసిగిపోయారు. 2021 జులైలో అధ్యక్షుడు పార్లమెంటును సస్పెండ్ చేస్తే వీధుల్లో సంబరాలు చేసుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడం నాకు చేతకాదు. స్వేచ్ఛ వచ్చింది గానీ నిరుద్యోగి చేతికి అది అందే దారి ఎవరూ వేయలేదు. పైన పాతికేళ్లకు 20 శాతం అని చెప్పుకున్నాం కదా, నిరుద్యోగి పాతికేళ్లు ఆగడు. అందుకే కొత్తగా ప్రజాస్వామ్యంలోకి వచ్చిన దేశం మొదటి రెండు మూడేళ్లలో జనం చేతికి తగిలే పని ఒకటి చేయాలంటాను. కెన్యాలో 2002 ఎన్నికల్లో గెలిచిన ప్రభుత్వం 2003 జనవరిలోనే ప్రాథమిక పాఠశాలల ఫీజులు ఎత్తేసింది. బడుల ముందు పిల్లలు బారులు తీరారు. తరగతి గదులు చాలలేదు, టీచర్లు చాలలేదు, నాణ్యత దెబ్బతింది. అయినా ఓటు వేస్తే ఏదో జరుగుతుందని ఒక తరం తల్లిదండ్రులకు తెలిసింది.

చివర్లో మీరు, ఒక పేద దేశంలో మీ చేతికి అధికారం ఇస్తే మొదట ఏం చేస్తారు అని కూడా అడిగారు. అధికారం ఎవరూ ఇవ్వరు గానీ, ఇస్తే రాజ్యాంగ సవరణలతో మొదలుపెట్టను. ప్రతి బడి, ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద ఆ నెల ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని అక్కడి భాషలో, చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే బొమ్మలతో రాయిస్తాను. తనిఖీకి ఊళ్లను లాటరీ వేసి అందరి ముందూ తీయిస్తాను. తనిఖీ చేసేవాళ్ల జీతం, బదిలీ ఆ ఊరి నాయకుడి చేతిలో లేకుండా చూస్తాను. పిల్లల ఎత్తు, బరువు, చదవగలరా లేదా అన్నది ఏడాదికోసారి కొలిపించి, ఊరి అంకెను పక్క ఊరి అంకె పక్కన పెట్టి అదే గోడ మీద రాయిస్తాను, ఆ తల్లికి తన బిడ్డ పొట్టిగా ఉన్నాడని మొదటిసారి తెలియడం కోసం. నివేదికలన్నీ ఎన్నికలకు కనీసం మూడు నెలల ముందు బయటికి రావాలని తేదీతో సహా చట్టంలో రాయిస్తాను. తేదీ రాయకపోతే అవి ఎప్పుడు బయటికి వస్తాయో నాకు బాగా తెలుసు. పోలింగ్ అయిన మర్నాడు వస్తాయి.